చెట్టు రోడ్డు మధ్యలోనా, పక్కనా? బులెవార్డుల కథ

మన నగరాల్లో పెద్ద రోడ్డు వేసినప్పుడల్లా పచ్చదనమంతా డివైడర్‌లోకి పోతుంది. గన్నేరు, కాగితంపూలు, మధ్యమధ్యలో తాటిజాతి అలంకారపు మొక్కలు. ట్యాంకర్లు వచ్చి నీళ్లు పోస్తాయి, మనుషులు వచ్చి కత్తిరిస్తారు, పండగలకు లైట్లు కడతారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ మొక్కల దగ్గర నడిచేవాళ్లు ఒక్కరూ ఉండరు. నడిచేవాళ్లంతా రోడ్డు అంచున, ఎండలో, డ్రైన్ మీద పరిచిన పలకల మీద ఉంటారు. మే నెల మధ్యాహ్నం బస్సు కోసం నిలబడ్డ మనిషికి ఆ పూలమొక్కల వల్ల ఒరిగేదేమీ లేదు.

బులెవార్డ్ అనే వీధి ఈ పద్ధతిని తిరగేస్తుంది. చెట్లను మనుషులు తిరిగే చోటికి తెస్తుంది. ఈ పేరు ఇప్పుడు వెంచర్లకూ అపార్ట్‌మెంట్లకూ పెడుతున్నారు, కాస్త వెడల్పైన రోడ్డు కనిపిస్తే చాలు బులెవార్డ్ అనేస్తున్నారు. ఎనిమిది వరసల హైవే కూడా వెడల్పైనదే, దాన్ని ఎవరూ బులెవార్డ్ అనరు. ఆ వెడల్పును ఎవరికి ఎంత పంచారన్న దాన్ని బట్టే అది బులెవార్డ్ అవునో కాదో తేలుతుంది.

పూర్తి రూపంలో ఉన్న బులెవార్డును అడ్డంగా కోసినట్టు ఊహించుకుంటే ఇలా ఉంటుంది. నడుమ, దూరం వెళ్లే వాహనాలకు నాలుగు వరసల రోడ్డు. దానికి రెండు వైపులా మూడు నాలుగు మీటర్ల మట్టిపట్టీ, అందులో దగ్గర దగ్గరగా నాటిన పెద్ద చెట్లు. ఆ చెట్ల అవతల ఒక సన్నటి పక్కదారి, ఆ వీధిలోనే పని ఉన్న బండ్ల కోసం. ఆ తర్వాత విశాలమైన ఫుట్‌పాత్, దాని మీద మరో వరస చెట్లు. చివరగా భవనాలు, ఫుట్‌పాత్ మీదికే తెరుచుకునే వాటి తలుపులు. అన్ని బులెవార్డులకూ పక్కదారులు ఉండవు. చాలావాటికి పెద్ద ఫుట్‌పాత్, రెండు వరసల చెట్లు మాత్రమే ఉంటాయి. కానీ అన్నిట్లోనూ ఉండే గుణం ఒకటుంది. వేగంగా పోయేవాళ్లకూ నెమ్మదిగా ఉండేవాళ్లకూ నడుమ చెట్ల వరస నిలబడి ఉంటుంది.

ఆ వరస చేసే పని నీడ ఇవ్వడంతో అయిపోదు. దాన్ని దాటి పక్కదారిలోకి వచ్చిన డ్రైవర్ తనంతట తానే వేగం తగ్గిస్తాడు. దారి సన్నగా ఉంటుంది, ఎదురుగా ఎవరో కారు వెనక్కి తీస్తుంటారు, సైకిల్ మీద పిల్లలు వస్తుంటారు, పాల వ్యాన్ ఆగి ఉంటుంది. అక్కడ బండి ఒక అతిథి. అందుకే మనుషులు ఆ పక్కదారిని కూడా ఫుట్‌పాత్‌లో భాగంగానే వాడుకుంటారు. మన సర్వీస్ రోడ్లు ఎందుకు ఇలా ఉండవో కూడా ఇక్కడే అర్థమవుతుంది. వాటికీ మెయిన్ రోడ్డుకూ నడుమ ఉండేది రెయిలింగో సిమెంటు దిమ్మెలో. పైగా వాటిని వెడల్పుగా, తిన్నగా వేస్తారు. సిగ్నల్ తప్పించుకోవాలనుకునే ప్రతి బండీ అందులో దూరుతుంది, రాంగ్‌రూట్‌లో వచ్చేవాళ్లకు అదే రాజమార్గం.

ఈ వీధి పుట్టుక గురించి చెప్పేటప్పుడు అందరూ పారిస్‌తో మొదలుపెడతారు. కానీ చెట్ల నీడలో తిరగడానికే ఒక వీధిని వేయడం అంతకుముందే ఆసియాలో ఉంది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో షా అబ్బాస్ 16వ శతాబ్దం చివర్లో వేయించిన చహార్ బాగ్‌లో నడుమ నీటికాలువ, పక్కన చినార్ చెట్ల వరసలు ఉండేవి. ఢిల్లీలో 1650 ప్రాంతంలో షాజహాన్ కూతురు జహనారా ఆలోచనతో వచ్చిన చాందినీ చౌక్‌లోనూ నడుమ కాలువ పారేది, గట్ల మీద చెట్లుండేవి. ఎర్రకోట ముందునుంచి ఫతేపురి మసీదు దాకా సాగే ఆ వీధి బజారుగానూ ఊరేగింపులకు దారిగానూ పనికొచ్చింది. తర్వాతి కాలంలో కాలువ పూడింది, చెట్లు పోయాయి, బండ్ల రద్దీ మిగిలింది. 2021లో పగటిపూట మోటారు వాహనాలను ఆపి ఆ వీధిని మళ్లీ నడిచేవాళ్లకు తెరిచారు.

పారిస్‌లో జరిగింది కాస్త వేరు. అక్కడ బులెవార్డులు కోటగోడల మీద పుట్టాయి. 1670లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ, యుద్ధాల్లో తన సరిహద్దులు దూరం జరిగాయి కాబట్టి రాజధానికి గోడ అక్కర్లేదని, ఉత్తరం వైపు గోడను పడగొట్టమన్నాడు. బాస్టీల్ నుంచి మదలేన్ దాకా ఆ గోడ జాడలోనే చెట్ల వరసలతో ఒక విహారమార్గం వేశారు. నడుమ బగ్గీలు, పక్కల చెట్ల కింద నడిచేవాళ్లు. పాత ద్వారాల స్థానంలో కట్టిన సాన్ దనీ, సాన్ మార్తాన్ విజయతోరణాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మొదట్లో అది ఊరి చివర. ఒకవైపు నగరం, ఇంకోవైపు తోటలూ పొలాలూ. గాలి కోసం వచ్చే జనం పెరిగేకొద్దీ కాఫీ కొట్లు, బొమ్మలాటలు, నాటకశాలలు వచ్చాయి. నగరం గోడ దాటి పెరిగేసరికి, ఒకప్పటి శివారు నడిబొడ్డయింది.

ఆ నాటకశాలలు ఎక్కువగా ఉన్న బులెవార్డ్ ద్యు తాంప్ల్‌ను 1838లో ఫోటోగ్రఫీ తొలి ప్రయోగకర్తల్లో ఒకడైన లూయీ దాగేర్ తన కిటికీలోంచి ఫోటో తీశాడు. అప్పటి పద్ధతిలో ఒక బొమ్మ పడాలంటే కొన్ని నిమిషాలు పట్టేది. వీధిలో బగ్గీలూ జనమూ కదులుతూనే ఉన్నారు, కదిలినవేవీ పలక మీద పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకోవడానికి ఫుట్‌పాత్ అంచున నిలబడ్డ ఒక మనిషి మాత్రం పడ్డాడు. మనిషి కనిపించే మొట్టమొదటి ఫోటో ఇదేనని సాధారణంగా చెబుతారు. వీధి అంచున నిలబడి పని చేయించుకునే మనిషికి, కూర్చుని పని చేసే మనిషికి ఆ వీధిలో చోటుంది. ఇవాళ మన రోడ్డు డిజైన్‌లలో చెప్పులు కుట్టేవాడికి ఎన్ని అడుగుల స్థలం గీస్తున్నారో చూస్తే మనం ఏం పోగొట్టుకున్నామో తెలుస్తుంది.

ఈ బులెవార్డులే తర్వాత కొత్త విషయాలకు వేదికలయ్యాయి. ఇంప్రెషనిస్టులుగా పేరు తెచ్చుకున్న చిత్రకారుల మొదటి ప్రదర్శన 1874లో బులెవార్డ్ దే కాప్యుసీన్‌లో ఒక ఫోటో స్టూడియోలో జరిగింది. లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి జనానికి సినిమా చూపించింది అదే వీధిలోని ఒక కేఫ్ నేలమాళిగలో, 1895 డిసెంబరు 28న. ఏదైనా కొత్తది జనానికి చూపించాలంటే జనం తీరిగ్గా తిరిగే చోటు కావాలి. తీరికగా నడిచేవాడే ఆగి చూస్తాడు, లోపలికి వస్తాడు.

రెండో దశ ఓస్మాన్‌ది. ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ ఇతన్ని 1853లో పారిస్ ఉన్న సేన్ జిల్లాకు ప్రిఫెక్ట్‌గా, అంటే పాలనాధికారిగా వేశాడు, 1870 జనవరిలో తీసేశాడు. ఈ 17 ఏళ్లలో కొత్త బులెవార్డులు ఊరి అంచున రాలేదు, పాత నగరం గుండెలోంచి ఇళ్లు కొట్టేసుకుంటూ వచ్చాయి. 1858లో తెరిచిన సెబాస్తొపోల్ బులెవార్డ్ అలాంటిది. 1832లో కలరా పారిస్‌లో 18 వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఇరుకు సందులు, మురుగు, గాలి ఆడని ఇళ్లు అప్పటికే పెద్ద సమస్య. 1830లోనూ 1848లోనూ జనం సందుల్లో బారికేడ్లు కట్టి ప్రభుత్వాలను కూల్చిన సంగతీ పాలకులకు గుర్తుంది. సైన్యం త్వరగా కదలడానికే ఈ వీధులు వేశారన్న వాదన అప్పటినుంచీ ఉంది, అందులో కొంత నిజమూ ఉంది. కానీ ఆ ఒక్క కారణంతో ఇంత పని జరగదు. రైల్వేస్టేషన్లను కలపాలి, నీళ్లు తేవాలి, మురుగు పంపాలి. పైగా 1871లో పారిస్ జనం తిరగబడి నగర పాలనను తమ చేతిలోకి తీసుకున్న కమ్యూన్ రోజుల్లో ఈ వెడల్పు వీధుల్లోనూ బారికేడ్లు కట్టారు.

ఓస్మాన్ బులెవార్డుల్లో అసలు గొప్పదనం నేల కింద ఉంది. ఇంజనీరు బెల్‌గ్రాన్ వీధితో పాటే మనిషి నడవగలిగేంత మురుగు సొరంగాలు వేశాడు, మంచినీటి గొట్టాలను కూడా ఆ సొరంగాల్లోనే నడిపాడు. అంటే పైప్ పగిలితే రోడ్డు తవ్వక్కర్లేదు. పైన అల్ఫాన్ చెట్ల బాధ్యత తీసుకున్నాడు. ఎదిగిన చెట్లను వేళ్లతో సహా ప్రత్యేకమైన బండ్ల మీద తెచ్చి నాటించాడు, మొదళ్ల చుట్టూ నీరు ఇంకేలా ఇనుప జాలీలు పెట్టించాడు. బెంచీలు, పత్రికల కొట్లు, దీపస్తంభాలు వాస్తుశిల్పి దావియూ గీశాడు. భవనాలకూ నియమం ఉంది. 1859 నిబంధనల ప్రకారం 20 మీటర్లు, అంతకన్నా వెడల్పైన వీధుల్లో ముఖభాగం 20 మీటర్ల ఎత్తు దాకా కట్టుకోవచ్చు. వీధి వెడల్పుకీ గోడ ఎత్తుకీ ఆ పొంతన ఉండటం వల్లే అంత పెద్ద వీధి కూడా మనిషికి మైదానంలా అనిపించదు.

దీనికి మూల్యం చెల్లించింది పేదలు. వేల కుటుంబాల ఇళ్లు పోయాయి, కొత్త భవనాల అద్దెలు వాళ్లకు అందలేదు, బెల్విల్ లాంటి శివార్లకు వెళ్లిపోయారు. 1852 నాటి ఒక ప్రభుత్వ ఉత్తర్వు, రోడ్డుకు కావలసినదానికన్నా ఎక్కువ నేల తీసుకుని, మిగిలింది పెరిగిన ధరకు అమ్ముకునే వీలు నగరానికి ఇచ్చింది. ఇళ్ల యజమానులు ఆ లాభం తమదేనని పోరాడి కొంత వెనక్కి తెచ్చుకున్నారు. అద్దెకున్నవాళ్లకు అలాంటి దారి లేదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు యజమానికి పరిహారమో, పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే హక్కైన టీడీఆరో దక్కుతుంది, ఆ ఇంటి అరుగు మీద ఇరవై ఏళ్లుగా కుట్టుమిషన్ పెట్టుకున్నవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ఈ అన్యాయం పారిస్‌తో పోలేదు.

వియన్నాకు ఈ విషయంలో అదృష్టం కలిసొచ్చింది. అక్కడ పాత గోడ చుట్టూ సైన్యం ఖాళీగా ఉంచిన విశాలమైన మైదానం ఉండేది. 1857 డిసెంబరులో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ గోడ తీసేయమన్నాడు. కొట్టాల్సిన ఇళ్లు తక్కువ. అక్కడి ప్లాట్లు అమ్మగా వచ్చిన డబ్బు ఒక నిధిలో వేసి దాంతోనే ప్రజాభవనాలు కట్టారు. 57 మీటర్ల వెడల్పుతో వేసిన రింగ్‌స్ట్రాసేను 1865 మే 1న తెరిచారు. ఒపేరా, పార్లమెంటు, సిటీ హాలు, విశ్వవిద్యాలయం దాని వెంటే వచ్చాయి.

పారిస్‌కు గోడలు ఒకటి కాదు, తర్వాత ఇంకో రెండు వచ్చాయి. ఫ్రెంచి విప్లవానికి ముందు పన్ను వసూలు కోసం కట్టిన గోడ 1860లో పోయింది, దాని మీదుగా క్లిషీ, రోష్‌షువార్ బులెవార్డులున్నాయి. 1840లలో కట్టిన చివరి కోటగోడను 1919 నుంచి పడగొట్టారు. లోపలి అంచున మార్షల్స్ బులెవార్డులు ఉన్నాయి. గోడ బయట మిగిలిన పట్టీలో చాలా భాగం మీద 1958, 1973 మధ్య వలయాకారపు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది, 35 కిలోమీటర్లు. ఒకే నగరం, పక్కపక్కనే ఉన్న నేల, రెండు కాలాల ఆలోచన. బులెవార్డును రోజంతా జనం అటూ ఇటూ దాటుతూనే ఉంటారు. ఎక్స్‌ప్రెస్‌వే దాటాలంటే వంతెనో సొరంగమో వెతుక్కోవాలి. దానికి ఆనుకుని ఉన్నవాళ్లకు మిగిలింది హోరూ పొగా. గోడ తీసిన చోట మరో గోడ లేచినట్టయింది. 2006లో మార్షల్స్ బులెవార్డుల దక్షిణ భాగంలో ట్రామ్ వేసి, పట్టాల మధ్య గడ్డి పెంచారు. 2024 అక్టోబరులో ఎక్స్‌ప్రెస్‌వే మీద వేగాన్ని గంటకు 50 కిలోమీటర్లకు తగ్గించారు.

బులెవార్డుల మీద 20వ శతాబ్దపు ట్రాఫిక్ ఇంజనీర్లకు నమ్మకం పోయింది. వాళ్ల అభ్యంతరం అర్థం లేనిదేమీ కాదు. నడుమ రోడ్డు, రెండు పక్కదారులు కలిసి జంక్షన్‌కు వస్తే ఒక బండి ఇంకో బండికి అడ్డం పడే అవకాశాలు లెక్కకు చాలా ఎక్కువవుతాయి. కాగితం మీద ఇది ప్రమాదం. దాంతో చాలాచోట్ల పక్కదారులు తీసేసి, చెట్లు కొట్టి నడుమ రోడ్డులో కలిపేశారు. అమెరికాలో అలెన్ జేకబ్స్, ఎలిజబెత్ మెక్‌డొనాల్డ్ అనే నగర రూపశిల్పులు నిజమైన బులెవార్డులను, అంతే రద్దీ ఉన్న మామూలు రోడ్లతో పోల్చి చూశారు. సరిగ్గా గీసిన బులెవార్డుల్లో ప్రమాదాలు ఎక్కువేమీ లేవని తేలింది. కారణం సులువుగానే ఊహించవచ్చు. గజిబిజిగా కనిపించే చోట మనిషి జాగ్రత్తపడతాడు. ఖాళీగా, వెడల్పుగా కనిపించే చోట యాక్సిలరేటర్ తొక్కుతాడు.

వాళ్లిద్దరికీ ఆ మాట చేసి చూపించే అవకాశం శాన్‌ఫ్రాన్సిస్కోలో దొరికింది. 1989 అక్టోబరు భూకంపంలో అక్కడి సెంట్రల్ ఫ్రీవే అనే ఎత్తైన వంతెన రహదారి దెబ్బతింది. దాన్ని మళ్లీ కట్టాలా, కూల్చాలా అని 1997, 1998, 1999 మూడేళ్లూ వరసగా ఓటింగ్ జరిగింది, ఫలితం అటూ ఇటూ మారింది. చివరికి ఒక భాగాన్ని కూల్చి, దాని స్థానంలో నడుమ నాలుగు వరసలు, చెట్ల పట్టీలు, పక్కదారులతో ఆక్టేవియా బులెవార్డ్ వేశారు. 2005లో తెరిచారు. వంతెన నీడలో చీకటిగా ఉన్న హేస్ వ్యాలీ పేటలో చిన్న పార్కు, కొత్త ఇళ్లు, దుకాణాలు వచ్చాయి. అద్దెలూ పెరిగాయి, అదీ చెప్పుకోవాలి. ఆక్టేవియాలో రద్దీ సమయంలో ఇప్పటికీ కార్లు ఆగి ఆగి కదులుతాయి. బులెవార్డ్ ట్రాఫిక్‌ను మాయం చేయదు. ట్రాఫిక్ ఉన్నా ఆ పక్కన బతకడానికి వీలు కల్పిస్తుంది.

మన దగ్గరికి వస్తే, కోటగోడ స్థానంలో వీధి వలయం పుదుచ్చేరిలో కనిపిస్తుంది. ఫ్రెంచివాళ్ల పాత పట్నం చుట్టూ ఉన్న అండాకారపు బులెవార్డులే ఇవాళ్టి అన్నా సాలై, సుబ్బయ్య సాలై, సర్దార్ పటేల్ సాలై. హైదరాబాద్‌కూ గోడ ఉండేది. 1908 మూసీ వరదలో చాలా భాగం దెబ్బతింది, మిగిలినదాన్ని 1950లలో తీసేశారు. పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మాత్రం నిలిచాయి. ఆ గోడ జాడలో చెట్ల వలయమేదీ రాలేదు. అయితే 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కాలంలో వచ్చిన పత్తర్‌గట్టీని చూస్తే, వీధి అంచు గురించి ఆలోచించినవాళ్లు ఇక్కడా ఉన్నారని తెలుస్తుంది. దుకాణాల ముందు రాతి కమానుల వరస, దాని కింద నీడలో నడక. చెట్టు చేసే పని అక్కడ రాయి చేసింది.

బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఎం.జి. రోడ్డు బులెవార్డ్ గుర్తుండే ఉంటుంది. పరేడ్ మైదానం వైపు పొడవునా చెట్ల నీడలో, కాగితంపూల మధ్య నడకదారి. మెట్రో కోసం దాన్ని తీసేసినప్పుడు ఊరు ఊరంతా బాధపడింది. 2011లో రైలు నడిచింది, 2013లో అదే చోట రంగోలి పేరుతో కళాకేంద్రం తెరిచి నడకదారిని కొత్తగా కట్టారు. మెట్రో అవసరమే. కానీ పైన కాంక్రీటు వంతెన ఉన్న చోట పాత చెట్లు తిరిగి రావు.

హైదరాబాద్‌లో 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపితే జనం కుటుంబాలతో తరలివచ్చారు. విశాఖ బీచ్ రోడ్డులో ఉదయం పూట బండ్లు ఆపినప్పుడూ అంతే. వీధిలో తీరిగ్గా తిరగాలన్న కోరిక మన జనానికి లేదనేవాళ్లు ఆ గంటల్లో అక్కడికి వెళ్లి చూడాలి. వారానికో పూట దొరికేదాన్ని రోజూ దొరికేలా చేయడమే బులెవార్డ్ పని.

స్థలం లేదన్న మాట లెక్కకు నిలవదు. మన మాస్టర్ ప్లాన్లలో 200 అడుగుల రోడ్లున్నాయి, అంటే దాదాపు 60 మీటర్లు. నడుమ నాలుగు వరసలకు 13 మీటర్లు, బస్సులకు విడిగా రెండు వరసలు 7, చెట్ల పట్టీలు రెండూ కలిపి 6, పార్కింగ్‌తో సహా పక్కదారులు 12, సైకిళ్లకు 5, ఫుట్‌పాత్‌లు ఒక్కోటి 6 చొప్పున 12. మొత్తం 55 మీటర్లు. ఇంకా మిగులుంది. ఆక్టేవియా వెడల్పు 40 మీటర్లే. 100 అడుగుల రోడ్డులో పక్కదారి పట్టదు, కానీ 13 మీటర్ల నడుమ రోడ్డు పోగా 17 మీటర్లు మిగులుతుంది. డివైడర్‌ను సన్నగా ఉంచి, అందులో పోసే మట్టీ నీళ్లూ ఫుట్‌పాత్ అంచుకు తెస్తే, రెండు వైపులా వేపో కానుగో పెరగడానికి, బస్టాపుకి, తోపుడు బండికి, ఇద్దరు పక్కపక్కన నడవడానికి చోటుంటుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం అమ్మకాలకు స్థలాలు గుర్తించమనే చెబుతోంది. ఆ స్థలం చెట్ల పట్టీలోనే గీయవచ్చు, అప్పుడు బండి నడకకు అడ్డం రాదు.

కష్టమైన పనులు వేరే ఉన్నాయి. చెట్లు జంక్షన్ మూల దాకా రావాలి. ముందే ఆపేస్తే అక్కడ రోడ్డు విచ్చుకుని బండ్ల వేగం పెరుగుతుంది, నడిచేవాళ్లు దాటాల్సిందీ సరిగ్గా అక్కడే. మొదలు చుట్టూ సిమెంటు పోయకూడదు. వేళ్లకు చోటు లేని చెట్టు మొదటి గాలివానకే కూలుతుంది, హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖకు చెట్ల విలువ వేరే చెప్పక్కర్లేదు. కేబుళ్లు, నీటి పైపులు, డ్రైన్లు రోడ్డు వేసేముందే ఒక సొరంగంలోకి చేరాలి, లేకపోతే ఏటా తవ్వుతారు, ఏటా వేళ్లు తెగుతాయి. ఇక భవనాలు. రోడ్డు నుంచి వదలాల్సిన ఖాళీ, అంటే సెట్‌బ్యాక్ పేరుతో ముందంతా పార్కింగ్ వదిలి, ప్రహరీ కట్టి, గేటు పెట్టుకున్న కాంప్లెక్సులు వరసగా ఉన్న చోట ఎంత నీడ పరిచినా ఎవరూ నడవరు, నడిచి వెళ్లడానికి అక్కడ తెరిచిన తలుపే ఉండదు. కాబట్టి రోడ్డు గీసే ఇంజనీరింగ్ విభాగం, ప్లాన్‌కు అనుమతిచ్చే విభాగం, చెట్లు చూసే విభాగం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే గీత మీద సంతకం పెట్టాలి. పారిస్‌లో ఓస్మాన్ కింద బెల్‌గ్రాన్, అల్ఫాన్, దావియూ చేసింది అదే. మన దగ్గర ఈ విభాగాలన్నీ ఉన్నాయి. ఒకరు మొక్క నాటిన ఆరు నెలలకు ఇంకొకరు వచ్చి అదే చోట తవ్వుతున్నారు.